టర్న్‌టేబుల్ హోరు, సబ్‌వూఫర్ అదురు: షీట్లు కొనాలా, పాదాలు కొనాలా?

పటమట_పాటలు (విజయవాడ)

అందరికీ నమస్తే. మాది పటమటలో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. హాలు పొడవు 14 అడుగులు. బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, యాంప్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 10 అంగుళాల సబ్‌వూఫర్ ఉన్నాయి. అన్నీ ఒకే టీవీ యూనిట్‌లో సర్దాను. పై పలక మీద టర్న్‌టేబుల్, దానికి అటూ ఇటూ స్పీకర్లు, కింది అరలో సబ్.

బాధలు మూడు. రికార్డు పెట్టి సౌండు కొంచెం పెంచితే "వూఁ" అంటూ హోరు మొదలై దానంతట అదే పెరిగిపోతుంది. నాబు తగ్గిస్తే గానీ ఆగదు. అదే పాట ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వేస్తే ఏ గొడవా లేదు. రెండోది, బేస్ వచ్చినప్పుడల్లా బెడ్‌రూంలో బీరువా గలగలమంటుంది. మూడోది, కింది ఫ్లాట్ పెద్దాయన లిఫ్టు దగ్గర కనబడి "రాత్రిళ్లు మీ ఇంట్లో ఏదో దంచుతున్నట్టున్నారు బాబూ" అన్నారు. మర్యాదగానే అన్నారు గానీ, విషయం అర్థమైంది.

ఆన్‌లైన్‌లో చూస్తే నల్ల షీట్లు, ఫోమ్ పలకలు, జెల్ పాదాలు, ఇత్తడి కోన్లు మూడొందల నుంచి ముప్పై వేల దాకా ఉన్నాయి. నా బడ్జెట్ ఐదు వేలు. ఏది కొంటే మూడూ తీరతాయి?

ఆటోనగర్_అన్న (విజయవాడ)

తమ్ముడూ, కార్లకి మేం వేసేది బ్యూటైల్ షీటు, జిగట రబ్బరు లాంటిది. 2 మి.మీ. మందం, పైన అల్యూమినియం రేకు ఉంటుంది. డోరు రేకుని వేలితో కొడితే "డంగ్" అనేది, షీటు అంటించాక "టప్" అని ఊరుకుంటుంది. నీ బీరువా తలుపు లోపలి వైపు రెండు ముక్కలు అంటించు. రేకు మొత్తం కప్పాల్సిన పనిలేదు, మధ్యలో పావు వంతో మూడో వంతో వేస్తే చాలు. కాకపోతే రోలర్‌తో గట్టిగా నొక్కాలి, కింద గాలి ఉండిపోతే వేసినా వేయనట్టే. కంపెనీ షీటుకి, లూజు షీటుకి తేడా ఉంటుంది, వాసన చూసి కొను. తారు వాసన వస్తే తీసుకోకు.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

కొనడానికి ముందు కాస్త ఆగండి బాబూ. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు పనిచేయదు.

అదురు ఎక్కడ పుడుతోంది, ఏ దారిన వెళ్తోంది, ఎక్కడ మోగుతోంది అన్నవి ముందు తేలాలి. బీరువా విషయంలో అన్నగారు చెప్పిన షీటు సరైనదే, ఎందుకంటే అక్కడ పల్చటి రేకు తనంతట తాను మోగుతోంది. దాని ఊపును జిగట పదార్థం లోపలే వేడిగా మార్చి చంపేస్తుంది. అది డ్యాంపింగ్. మీ టర్న్‌టేబుల్ హోరు అలాంటిది కాదు. సబ్ నుంచి బయల్దేరిన అదురు టీవీ యూనిట్ చెక్క గుండా పైకెక్కి సూదిని కదుపుతోంది. సూది దాన్ని పాట అనుకుని యాంప్‌కి పంపుతోంది, యాంప్ మళ్లీ సబ్‌కి పంపుతోంది. అది చక్రంలా తిరిగి తిరిగి పెరుగుతోంది. బ్లూటూత్‌లో రాకపోవడానికి కారణం అదే, అక్కడ సూది లేదు. దీనికి కావాల్సింది దారి తెంచడం, అంటే ఐసొలేషన్. అన్నిటికంటే చవకైన ఐసొలేషన్ ఏమిటంటే, సబ్‌ని ఆ యూనిట్‌లోంచి బయటకు లాగడం. దానికి పైసా ఖర్చు లేదు.

వాల్వు_రాజా (విజయవాడ)

మాస్టారి మాట కాదనను గానీ, మంచి ఇత్తడి కోన్లు మూడు టర్న్‌టేబుల్ కింద పెట్టి వినండి. అదురంతా కిందికి దిగిపోతుంది. నా ఇంట్లో యాంప్ కింద కూడా పెట్టాను, బేస్ బిగుసుకుంది. వినే చెవి ఉండాలి అంతే.

తంబూర (లబ్బీపేట)

రాజా గారూ, కోను మొన ఒకవైపే దారి ఇస్తుందని ఎవరు చెప్పారండీ? పైనుంచి కిందికి దిగే దారిలోనే కింది నుంచి పైకి కూడా ఎక్కుతుంది. మొన అంటే గట్టిగా కలపడం, విడదీయడం కాదు. పైగా మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ ఫ్లోరింగ్. మొనలు పెడితే గీతలు పడతాయి, అద్దె ఇంట్లో ఓనరు చూస్తే అడ్వాన్సులో కోస్తాడు. అంతగా పెట్టాలంటే కింద రూపాయి బిళ్ల వేసుకోవాలి.

ఇంకో సంగతి. ఈ సలహాల్లో చాలా భాగం చెక్క నేల ఇళ్లున్న దేశాల నుంచి వచ్చినవి. అక్కడ మనిషి నడిస్తే నేల ఊగి సూది ఎగురుతుంది, అందుకే గోడకు షెల్ఫ్ బిగించుకుంటారు. మన ఆర్.సి.సి. స్లాబు మీద నడకకి సూది ఎగరడం చాలా అరుదు. మన తంటాలు వేరు. డొల్ల టైలు, వదులు కిటికీ, బీరువా, ఇత్తడి సామాను.

పటమట తమ్ముడూ, ఒక పరీక్ష చెయ్యి. టర్న్‌టేబుల్ పవర్ తీసెయ్యి, పళ్లెం కదలకూడదు. ఏదైనా పాత రికార్డు పెట్టి సూదిని గాడిలోకి దించు. సౌండు సున్నా నుంచి మెల్లగా, నువ్వు మామూలుగా వినే చోటికి తీసుకురా. ఇప్పుడు వేలి కండతో టీవీ యూనిట్ పలక మీద తట్టు. స్పీకర్లో "ధబ్" అని ఎంత పెద్దగా వస్తే అంత అదురు సూది దాకా చేరుతోందన్నమాట. తర్వాత నేల మీద, గోడ మీద, చివరికి టర్న్‌టేబుల్ మూత మీద తట్టి చూడు. ఏది ఎక్కువ మోగితే ముందు దాని పని పట్టాలి. చాలా టర్న్‌టేబుళ్లలో ఆ ప్లాస్టిక్ మూతే గాలిలోని బేస్‌ని పట్టి కిందికి దించుతుంది. పాట వినేటప్పుడు మూత తీసి పక్కన పెట్టడం కూడా ఒక వైద్యమే.

పటమట_పాటలు (విజయవాడ)

అక్కా, పరీక్ష చేశాను. యూనిట్ మీద తడితే తలుపు కొట్టినంత మోత. నేల మీద కాలితో గుద్దినా దాదాపు ఏమీ లేదు. మూత మీద తడితే ఖంగుమని వస్తోంది, ఇది ఊహించలేదు.

మాస్టారు చెప్పినట్టు సబ్‌ని నేల మీదికి దించాను. హోరు చాలా తగ్గింది, ఇంకాస్త పెంచితే మళ్లీ వస్తోంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 20 నుంచి 120 దాకా మెల్లగా పోనిచ్చాను. 40 హెర్ట్జ్ దగ్గర గది మొత్తం ఉబ్బినట్టు అవుతోంది. 60 దాటగానే బీరువా. 80 దగ్గర బాల్కనీ స్లైడింగ్ కిటికీ జర్రుమంటోంది.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

40 దగ్గర ఉబ్బడానికి ఏ షీటూ పనికిరాదు. 14 అడుగులంటే 4.27 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 8.54తో భాగించండి, 40 వస్తుంది. అది మీ గది సొంత స్వరం. సబ్ ఉన్న చోటు, మీరు కూర్చునే చోటు మార్చితే తగ్గుతుంది. యాంప్‌లోనో సబ్‌లోనో ఈక్వలైజర్ ఉంటే అక్కడ నాలుగైదు డెసిబెల్స్ కోయండి.

ఇక టర్న్‌టేబుల్ కింద ఏం పెట్టాలన్నది. మెత్తటిది ఏదో ఒకటి పెడితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. బరువు పెట్టినప్పుడు ఆ మెత్త ఎంత కిందికి దిగిందన్నదే లెక్క. దిగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 16ని భాగిస్తే దాని సహజ ఊపు దాదాపుగా వస్తుంది. 1 మి.మీ. దిగితే 16 హెర్ట్జ్, 4 దిగితే 8, 10 దిగితే 5. ఆ సంఖ్యకు ఒకటిన్నర రెట్లు దాటాకే అడ్డుకోవడం మొదలవుతుంది, మూడు రెట్లు దాటితే బాగా పనిచేస్తుంది. ఆ సంఖ్య దగ్గర మాత్రం ఆపకపోగా పెంచుతుంది. రబ్బరు, ఫోమ్ అయితే అదురుతున్నప్పుడు ఇంకాస్త బిగుసుగా ప్రవర్తిస్తాయి కాబట్టి అసలు సంఖ్య ఈ లెక్క కంటే పైనే ఉంటుంది.

టర్న్‌టేబుల్‌కి ఇంకో చిక్కుంది. ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) బరువు, కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర సూది ఉండే డబ్బీ) స్ప్రింగుతనం కలిసి సొంతంగా ఒక చోట ఊగుతాయి. అది 8–12 హెర్ట్జ్ మధ్య ఉండేలా జత కుదుర్చుకోవాలంటారు. ఆర్మ్ ప్రభావ బరువు 12 గ్రాములు, కార్ట్రిడ్జ్ 6, స్క్రూలు 1, మొత్తం 19. ఆ స్ప్రింగుతనం కొలత, అంటే కంప్లయన్స్, 12 అనుకుంటే గుణిస్తే 228, దాని వర్గమూలం 15.1. 159ని దాంతో భాగిస్తే 10.5. బాగుంది. (జపాన్ కార్ట్రిడ్జులకు కంప్లయన్స్ తరచు 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తారు, ఆ సంఖ్యను నేరుగా వాడకండి.) ఇప్పుడు మీరు కింద పెట్టిన పాదాలు కూడా 10 దగ్గరే ఊగేవైతే రెండూ చేతులు కలుపుతాయి. 5 హెర్ట్జ్ లోపు ఉండాలి, లేదా పాదాలే వద్దనుకుని బరువైన పలక, గట్టి స్టూలు చూసుకోవాలి.

గట్టురాయి (గుంటూరు, బ్రాడీపేట)

మాస్టారూ, ఆ బరువైన పలక విషయం నేను చెప్తాను. మాకు రాళ్ల పని.

వంటింటి గట్టు వేసేటప్పుడు సింకు కోసం కోసిన ముక్క మిగులుతుంది. దాదాపు రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 18–20 మి.మీ. మందం. సరిగ్గా టర్న్‌టేబుల్ సైజు. బరువు 15 కిలోల దాకా తూగుతుంది. అడిగితే రెండు మూడు వందలకు ఇస్తారు, తెలిసినవాళ్లయితే ఊరికే ఇస్తారు. చీమకుర్తి నల్ల రాయి అయితే చూడ్డానికి కూడా బాగుంటుంది. అంచులు రాపించుకోండి, లేకపోతే చేతులు కోసుకుంటాయి.

కానీ రాయిని ఉత్తగా పెట్టకండి. ఒక మూల పట్టుకుని పిడికిలితో కొట్టి చూడండి, గంటలా మోగుతుంది. కింద 12 మి.మీ. ప్లైవుడ్, రెంటి మధ్యా ఆ బ్యూటైల్ షీటు వేసి అతికించండి. మళ్లీ కొట్టండి, నోరు మూసుకుంటుంది. కడప బండ కూడా వాడొచ్చు గానీ పొరలుగా ఊడే గుణం ఉంది, పెళుసు.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

గట్టురాయి గారు చెప్పింది పుస్తకాల్లో కన్‌స్ట్రెయిన్డ్ లేయర్ డ్యాంపింగ్ అనే పద్ధతే. రెండు గట్టి పొరల మధ్య జిగట పొర నలిగినప్పుడు, ఒట్టిగా అంటించిన దానికంటే ఎక్కువ శక్తిని తింటుంది. కారు షీటు మీద అల్యూమినియం రేకు ఉండేది అందం కోసం కాదు, అదీ ఇందుకే.

కింద_ఫ్లాట్ (విజయవాడ)

నేను ఆ పెద్దాయనను కాదు లెండి, కంగారు పడకండి. కానీ మా పై ఫ్లాట్లోనూ ఒక సబ్ ఉంది కాబట్టి కింద ఏం వినిపిస్తుందో చెప్తాను. పాట వినిపించదు. ఏ పాటో కూడా తెలియదు. నిద్రపట్టే వేళకి "దుబ్... దుబ్" అని మంచం కోడులోంచి వస్తుంది. పాట మొత్తం వినిపిస్తే ఇంత కోపం రాదేమో.

సబ్ కింద ఫోమ్ పెడితే అది పోతుందా? మా పైవాళ్లకి కొనిపెట్టడానికి కూడా నేను రెడీ.

ఆటోనగర్_అన్న (విజయవాడ)

కొంత పోతుంది అన్నా, మొత్తం పోదు. సబ్ డబ్బా నేలను నేరుగా గుద్దేది తగ్గుతుంది. గాలిలోంచి వెళ్లి స్లాబుని ఊపేది అలాగే ఉంటుంది. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, గోడకి అంటించే ముళ్ల ఫోమ్ దానికి కనబడను కూడా కనబడదు. ఆ ఫోమ్ గదిలో చప్పట్ల ప్రతిధ్వనికి తప్ప పక్కింటికి బేస్ పోకుండా ఆపడానికి కాదు. షాపులో ఎవరేం చెప్పినా సరే.

పరుపుల షాపులో రీబాండెడ్ ఫోమ్ అడుగు, రంగురంగుల తునకలు కలిపి నొక్కింది. రెండంగుళాల మందం. దాని మీద రాయి పలక, పైన సబ్. ఉత్త ఫోమ్ మీద తేలికైన సబ్ పెడితే ఫోమ్ దిగదు, దిగకపోతే పని చేయదు. మరీ మెత్తటి స్పంజి పెట్టినా అణిగి చపాతీ అయిపోతుంది, అప్పుడూ పని చేయదు. మందంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా దిగేలా చూసుకో. సోర్బోథేన్ అనే మెత్తటి రబ్బరు లాంటి పదార్థంతో చేసిన పాదాలకీ ఇదే రూలు, అందుకే వాటిని బరువు లెక్కన అమ్ముతారు.

తంబూర (లబ్బీపేట)

దీనికి తోడు సబ్‌ని సోఫా పక్కకి తెచ్చుకో తమ్ముడూ. చెవికి దగ్గరైతే తక్కువ సౌండుతోనే సరిపోతుంది. కింది పెద్దాయనకి వెళ్లేదీ ఆ మేరకు తగ్గుతుంది. రాత్రి పది తర్వాత సబ్ స్విచ్ ఆపెయ్యి. ఇది మెటీరియల్ కాదు గానీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

వాల్వు_రాజా (విజయవాడ)

అందరూ టర్న్‌టేబుల్, సబ్ అంటున్నారు. యాంప్ సంగతేంటి? సీడీ ప్లేయర్ సంగతేంటి? వాటికీ అదురు పడదు కదా.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

మీది వాల్వు (గాజు గొట్టాల) యాంప్ కాబట్టి మీ మాటలో కొంత నిజం ఉంది రాజా గారూ. వాల్వులో గ్రిడ్, ప్లేటు లాంటి లోహపు భాగాలు సన్నటి ఆధారాల మీద ఉంటాయి. అవి కదిలితే కరెంటు మారుతుంది, స్పీకర్లో మోగుతుంది. పెన్సిల్ వెనక రబ్బరుతో వాల్వుని మెల్లగా తట్టి వినండి. "టింగ్" అని గట్టిగా వస్తే ఆ వాల్వు మైక్రోఫోనిక్, అంటే మైకులా అదురుని పట్టి శబ్దం చేస్తోంది. ముందు దాన్ని మార్చండి, తర్వాత రబ్బరు రింగులు, పాదాలు చూడండి.

ట్రాన్సిస్టర్ యాంప్‌కి మాత్రం కోన్లు పెట్టి బేస్ బిగించడం జరిగే పని కాదు. సీడీ ప్లేయర్ డేటాను చదివి, తప్పులు దిద్దుకుని, ముందు బఫర్లో వేసుకుని పంపిస్తుంది. డిస్క్ ఎగిరేంత అదిరితే పాట తెగుతుంది తప్ప మధ్యలో "మాధుర్యం" తగ్గడం ఉండదు. యాంప్ తనంతట తానే గుయ్యిమంటుంటే అది ట్రాన్స్‌ఫార్మర్. బోల్టు వదులై ఉండవచ్చు, ఇన్వర్టర్ నుంచి వచ్చే కరెంటు సరిగా లేకపోవచ్చు. కింద రబ్బరు పెడితే బల్లకి పాకకుండా ఆపొచ్చు, గుయ్యిమనడం ఆగదు.

వాల్వు_రాజా (విజయవాడ)

నేను విన్నది విన్నాను మాస్టారూ.

మోడరేటర్

ఈ వాదన కోసం పాత చర్చ ఒకటి ఉంది, 40 పేజీలు. దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ పటమట గారి ఫ్లాట్ సంగతి చూద్దాం.

గట్టురాయి (గుంటూరు, బ్రాడీపేట)

స్పీకర్ స్టాండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. టీవీ యూనిట్ మీద స్పీకర్లుంటే అదీ ఒక దారే కదా. వెల్డింగ్ షాపులో 3 అంగుళాల చదరపు గొట్టంతో స్టాండ్లు చేయించి లోపల ఇసుక పోయించండి. కృష్ణా ఇసుక జల్లించి, పెనం మీద వేడి చేసి, చల్లారాక పోయాలి. తడి ఉంటే లోపల తుప్పు. సూర్యలంక బీచ్ ఇసుక తెస్తానని ఎవరైనా అంటే వద్దనండి, ఉప్పు. నిండుగా కుక్కకూడదు, ముప్పావు వంతు పోస్తే చాలు, గింజలు ఒకదానికొకటి రాసుకుంటేనే అదురు చస్తుంది.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

ఇసుక చాలా పాత విద్య. వార్ఫ్‌డేల్ వ్యవస్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ 1950ల్లోనే రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇసుక నింపి స్పీకర్ బాఫిల్స్ (స్పీకర్ని బిగించే పలకలు) చేశాడు. బీబీసీ వాళ్లది ఇంకో దారి. స్పీకర్ డబ్బాని మందంగా, బరువుగా చేసే బదులు పల్చటి ప్లైవుడ్‌తో చేసి లోపలి గోడలకు తారు పలకలు అంటించేవారు. వాళ్ల చిన్న స్పీకర్ ఎల్.ఎస్.3/5ఎ అలా వచ్చిందే. డబ్బా మోగే చోటు కిందికి దిగుతుంది, మోగినా వెంటనే ఆరిపోతుంది.

టర్న్‌టేబుల్ విషయంలోనూ రెండు మతాలున్నాయి. 1961లో అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ కోసం ఎడ్గర్ విల్చర్ చేసిన దానిలో పళ్లెం, ఆర్మ్ రెండూ కలిపి మూడు స్ప్రింగుల మీద ఉంటాయి. బల్ల ఎంత అదిరినా రెండూ కలిసే కదులుతాయి కాబట్టి సూదికి తెలియదు. 1979 నాటి టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 ఎంకే2 రెండో మతం, కింద బరువైన రబ్బరు అడుగు వేసి డిస్కోల్లో పెట్టారు. మీ టర్న్‌టేబుల్‌లో ముందే స్ప్రింగులుంటే కింద మళ్లీ మెత్తటిది పెట్టకండి, రెండు ఊపులు కలిసి పడవలా ఊగుతుంది. గట్టి బల్ల చాలు.

పటమట_పాటలు (విజయవాడ)

నాది స్ప్రింగులు లేని మోడల్, నాలుగు రబ్బరు పాదాలు.

అప్‌డేట్. భవానీపురంలో ఒక రాళ్ల దుకాణంలో సింకు ముక్క దొరికింది, అంచులు రాసి ఇచ్చారు. ప్లైవుడ్, బ్యూటైల్ వేసి శాండ్‌విచ్ చేశాను. మా అత్తగారి పాత టేకు స్టూలు మీద ఆ పలక పెట్టి, దాని మీద టర్న్‌టేబుల్ పెట్టాను. టీవీ యూనిట్‌కి తగలకుండా జానెడు దూరం. స్టూలు ఒక కాలు కొంచెం పొట్టి, దాని కింద కార్క్ ముక్క వేసి లెవెల్ చూశాను. లెవెల్ కుదిరాక సూది బరువు, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) మళ్లీ సరిచేశాను.

అక్క చెప్పిన తట్టుడు పరీక్ష మళ్లీ చేస్తే పలక మీద తట్టినా మందంగా చిన్న "ధప్" మాత్రమే. మూత తీసేసి వింటున్నాను. హోరు నేను వినే సౌండులో అసలు లేదు. మృదంగం తొప్పి వైపు దెబ్బ ఇప్పుడు దెబ్బలా ఉంది, ఇదివరకు దాని వెనక ఒక మేఘం ఉండేది. వంకర తిరిగిన రికార్డులు పెట్టినప్పుడు మాత్రం వూఫర్ కోన్ (స్పీకర్లో కదిలే గరాటు లాంటి భాగం) లోపలికి బయటికి కొట్టుకుంటోంది, శబ్దం ఏమీ లేదు. ఇదేంటి?

సబ్ సోఫా పక్కన రీబాండెడ్ ఫోమ్ మీద ఉంది. కింది పెద్దాయనని నేనే వెళ్లి అడిగాను. "ఇప్పుడు దంచడం లేదు, ఎక్కడో దూరంగా తిరగలి తిప్పుతున్నట్టుంది" అన్నారు. పది తర్వాత ఆపేస్తున్నాను.

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

వంకర రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు సగం పైచిలుకు. ఆ ఎత్తుపల్లాలు చెవికి వినబడని కింది హెర్ట్జ్‌లో కోన్‌ని తోస్తాయి. పలకలతో పోదు. ఫోనో ప్రీయాంప్‌లో (సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచేది) సబ్‌సోనిక్ ఫిల్టర్ స్విచ్ ఉంటే వేయండి, 20 హెర్ట్జ్ దగ్గర కోసేది. లేకపోతే సబ్‌కి వెళ్లే లైనులోనైనా పెట్టండి. యాంప్ శక్తి వృథా కాకుండా ఉంటుంది.

వించిపేట_వాడు (విజయవాడ)

మాది రైల్వే లైన్ పక్కన. గూడ్స్ వెళ్తుంటే కిటికీ అద్దాలే కాదు, చెంబులో నీళ్లు కూడా వణుకుతాయి. మాస్టారి లెక్క ప్రకారం మాకు ఏ పాదాలు?

స్ప్రింగు_మాస్టారు (గుంటూరు)

నేల గుండా వచ్చే ఆ అదురు చాలా కింది హెర్ట్జ్‌లో ఉంటుంది, మామూలు రబ్బరు దాన్ని పట్టుకోలేదు. సైకిల్ ట్యూబుని సగం గాలితో పలక కింద పెట్టండి, గాలి స్ప్రింగు చాలా మెత్తన. పైన రాయి లాంటి బరువు ఉండాలి. వారానికోసారి గాలి, లెవెల్ చూసుకోవాలి, బద్ధకస్తులకు పనికిరాదు. గోడ ఇటుక గోడే అయి 9 అంగుళాలుంటే షెల్ఫ్ బిగించడం ఇంకో దారి. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకు మాత్రం వద్దు.

మిర్చియార్డు_మెలోడీ (గుంటూరు)

బ్యూటైల్ దొరకలేదు, డాబా మీద లీకేజీకి వేసే తారు షీటు మా ఇంట్లో మిగిలింది. అది స్పీకర్ డబ్బా లోపల వేయొచ్చా?

ఆటోనగర్_అన్న (విజయవాడ)

వద్దు. మన మే నెల ఎండకి మూసిన గదిలో అది మెత్తబడి జారుతుంది, డ్రైవర్ మీద పడిందంటే అంతే సంగతులు. వాసన కూడా నెలల తరబడి పోదు. కార్లలో వేసి చూశాం కాబట్టి చెప్తున్నా. వంద రూపాయలు ఎక్కువైనా బ్యూటైలే వెయ్యి.

పటమట_పాటలు (విజయవాడ)

బీరువాకి లోపల షీటు వేశాను, రేకు మోత పోయింది. అయినా చిన్న గలగల మిగిలితే వెతికాను, లాకరు తలుపు గొళ్లెం. దానికి ఫెల్ట్ ముక్క పెట్టాను. ఇక మిగిలింది ఆ బాల్కనీ కిటికీ ఒక్కటే. 80 దగ్గర ఇంకా జర్రుమంటోంది. అద్దానికి షీటు అంటించలేం కదా.

గట్టురాయి (గుంటూరు, బ్రాడీపేట)

అద్దం కాదు మోగేది, ఫ్రేము. స్లైడింగ్ తలుపు అంచున గాడిలో ఊలు పట్టీ ఉంటుంది, అది అరిగి ఊడిపోయి ఉంటుంది. అల్యూమినియం పని చేసేవాళ్ల దగ్గర మీటర్ల లెక్కన దొరుకుతుంది. పాతది లాగేసి కొత్తది గాడిలోకి తోయండి. వెడల్పు కొలిచి తీసుకెళ్లండి, రెండు మూడు సైజులుంటాయి.